మరిచిపోయే ఇనుము

మా ఊళ్ళో ఇనుము ఎక్కువ కాలం ఇనుముగా ఉండదు.
అంతర్వేది నుంచి ఉప్పుగాలి తిరిగితే
కిటికీ చువ్వ, సైకిలు చైను, పంటు మీది గొలుసు
అన్నీ ఎర్రగా పొట్టు రాలుస్తాయి.
మా బాబాయి పెమ్మాడి సత్తెయ్య
పడవ ఇంజన్లకి తుప్పు గీకే మనిషి.
"నీళ్ళు గుర్తొచ్చాయంటే ఇనుము ఇక ఆగదే" అనేవాడు
గరుకు కాయితం మడత పెడుతూ.

నేను ఆరేళ్ళుగా తుప్పు తయారుచేస్తున్నానంటే
చాలాసేపు నవ్వాడు.
"దానికి జీతం కూడానా?"
ఇస్తారు బాబాయ్, మూడు నెల్లకోసారి.

అమలాపురంలో కాలేజీ వెనక గది.
మూడు మూతుల గాజుకుప్పె,
ఫెర్రిక్ రెండు పాళ్ళు, ఫెర్రస్ ఒక పాలు,
అడుగునుంచి నైట్రోజన్ బుడగలు.
అమ్మోనియా చుక్క చుక్కగా వదుల్తుంటే కళ్ళు మండి,
ఆ మంటలోనే చూడాలి:
నారింజరంగు నీళ్ళు ఒక్కసారిగా కాటుకవడం.

అయితే.
సిలిండరు లారీ రావులపాలెంలో ఆగిపోతే,
కరెంటు పోయి లోపల తిరిగే పుల్ల నిలబడిపోతే,
గాలి దూరుతుంది. కాటుక కాస్తా ఇటుకపొడి.
ఆ వానాకాలం పద్దెనిమిది సార్లు ఇటుకపొడి.
నోటుపుస్తకంలో పేజీ కింద ఒకటే మాట:
మళ్ళీ.

పందొమ్మిదోసారి అటెండరు బాలయోగిగారు
చర్చిలో కాలిపోయిన స్పీకరు విప్పి
దాని వీపునున్న సూదంటురాయి తెచ్చిచ్చారు.
కుప్పె పక్కన పెడితే
నల్లదంతా చేపపిల్లల గుంపులా ఒక పక్కకి ఒరిగింది.
తీసేస్తే
ఏమీ జరగనట్టు నీళ్ళలో కలిసిపోయింది.
"ఆయ్, దీనికి పట్టుదల లేదండీ" అన్నారాయన, దిగులుగా.

అదేనండీ కావాల్సింది.
వెంట్రుకని పదివేల చీలికలు చేస్తే ఒక చీలికంత.
అంత చిన్నదయ్యాక ఇనుము మరిచిపోవడం నేర్చుకుంటుంది.
రాయి పిలిస్తే వస్తుంది,
రాయి పోతే ఎటు తిరిగి నిలబడిందో దానికే తెలీదు.
జ్ఞాపకముంటేనే ప్రమాదం,
ఒకదాన్నొకటి పట్టుకుని
నెత్తుటి కాలవకి గుర్రపుడెక్కలా అడ్డంపడతాయి.
బ్రాంచి కాలవ, పిల్లకాలవ, బోదె,
బోదె చివర ఎండిన చేను.
లాకుల మధ్య పెరిగినదాన్ని,
ఇది నాకు పుస్తకం చెప్పక్కర్లేదు.

రాజమండ్రిలో స్కానింగు సెంటరు. రాత్రి పదకొండున్నర.
ఆఖరి రోగి లేచాక గంటసేపు మాకు ఉచితం.
అగర్ జిగురులో గడ్డకట్టించిన పన్నెండు గొట్టాలు
తల పెట్టే చోట పడుకోబెట్టి
దుప్పటి సర్దాడు టెక్నీషియన్ కుర్రాడు, అలవాటు కొద్దీ.

బయట బల్ల మీద ముమ్మిడివరం నుంచొచ్చినావిడ,
ఒళ్ళో ఫిల్ముల కవరు. తెల్లారేదాకా బస్సు లేదు.
"లోపల ఎవరమ్మా, మీవాళ్ళా?"
"ఇసకండి" అన్నాను, ఇంకేం తోచక.
ఆవిడ తలూపింది,
ఇసక్కీ రోగాలొచ్చే రోజులే అన్నట్టు.
"మా ఆయనకి కార్జమండి.
గడ్డ ఎంతుందో సరిగ్గా అగుపడలేదంట."

తెర మీద గొట్టాలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి,
పలచనివి బూడిద, చిక్కనివి అమావాస్య.
మంచి కార్జం ఈ ఇనుముని మింగి చీకటవుతుంది.
గడ్డ మింగలేదు. తెల్లగా దొరికిపోతుంది.
కుర్రాడు ఈలేశాడు.

బయటికొచ్చి ఆవిడకి చెబుదామనుకున్నాను.
ముందు ఎలకలున్నాయి, తర్వాత అనుమతులు,
తర్వాత ఏళ్ళు.
చెప్పలేదు. టీ తెచ్చిచ్చాను.
గ్లాసులు చల్లారేదాకా ఇద్దరం
వంతెన మీద గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాం,
నాకు నలభై రెండు, ఆవిడకి నలభై నాలుగు.

ఇంటికొచ్చి తారీకు వేసి
పన్నెండు గొట్టాలకి పన్నెండు అంకెలు రాశాను.
పదమూడో వరసలో ముమ్మిడివరం అని రాసి
ఎదురుగా ఏం వెయ్యాలో తెలియక
పెన్ను మూత పెట్టేశాను.